కన్వర్టిబుల్ కారు టాప్ మొరాయించినప్పుడు

మే నెలలో ఒక ఆదివారం నంది హిల్స్ నుంచి బెంగళూరుకు తిరిగి వస్తుండగా హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర మబ్బు కమ్ముకుంది. మా కారు కన్వర్టిబుల్, అంటే పైకప్పు (టాప్) వెనక్కి ముడుచుకునేది. దాన్ని పక్కకు ఆపి టాప్ మూయడానికి స్విచ్ నొక్కితే, పక్క అద్దాలు నాలుగు వేళ్ల మేర దిగి అక్కడే ఆగిపోయాయి. వెనుక గూటిలో ముడుచుకుని ఉన్న టాప్ ఇసుమంతైనా కదలలేదు. ఫ్యూజు పోయిందేమో, మోటారు కాలిందేమో అని నేను లెక్కలు వేస్తుండగా మా బావమరిది దిగి, డిక్కీ తెరిచి, "బావా, ఈ తెర కొక్కెం ఊడింది చూడు" అన్నాడు. చిక్కబళ్లాపురం దగ్గర కొన్న ద్రాక్షపళ్ల పెట్టెను లోపలికి నెట్టినది నేనే. సామాను టాప్‌కు తగలకుండా అడ్డుగా ఉండే తెర ఆ తోపుకి తన పట్టు నుంచి జారింది. దాన్ని మళ్లీ తగిలించగానే టాప్ మారుమాట లేకుండా మూసుకుంది, ద్రాక్షపళ్లు వెనుక సీటుకు మారాయి.

ఆ రోజు నుంచి నేను పాటిస్తున్న పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. కరెంటుతో నడిచే టాప్ ఆగిపోయిన సందర్భాల్లో, నేను చూసినంతలో, విరిగిన భాగం కన్నా నెరవేరని షరతే ఎక్కువసార్లు బయటపడింది. టాప్‌ను నడిపే కంట్రోల్ యూనిట్ కదిలే ముందు కొన్ని ప్రశ్నలు వేస్తుంది, కదులుతూ కూడా ప్రతి దశలోనూ వేస్తూనే ఉంటుంది. ఏ ఒక్క ప్రశ్నకు జవాబు రాకపోయినా ఉన్నచోటనే ఆపేస్తుంది. అది ఏ ప్రశ్న దగ్గర ఆగిందో కనిపెట్టడమే మన పని, పంపు విప్పడం ఆ తరువాతి మాట.

ముందుగా చూడవలసిన షరతులు

ఇంజను నడుస్తూ ఉండాలి, లేదా కనీసం ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి. డిక్కీ పూర్తిగా మూసి ఉండాలి, లోపలి తెర రెండు వైపులా తన గాడిలో కూర్చుని ఉండాలి. స్విచ్‌ను చివరిదాకా, అంటే పక్క అద్దాలు పైకి వచ్చి ఆగేదాకా, వేలు తీయకుండా నొక్కి పట్టాలి. కొన్ని కార్లలో బ్రేకు కూడా తొక్కి పట్టాలి. వేగానికి పరిమితి ఉంటుంది: 2016 తరువాతి మినీ కూపర్ కన్వర్టిబుల్‌లో గంటకు 30 కిలోమీటర్లు, 2018 తరువాతి బీఎండబ్ల్యూ జెడ్‌4లో 50 కిలోమీటర్లు. మీ కారు పరిమితి ఎంతైనా, ఇబ్బంది వచ్చినప్పుడు పరీక్షించడానికి సమతలం మీద కారు ఆపుకోవడమే మంచిది, ఎందుకంటే బేస్‌మెంట్ ర్యాంపు మీద ఒక పక్కకు ఒరిగిన కారులో చట్రం మెలితిరిగి కొక్కేలు సరిగా కలవకపోవచ్చు.

మోటారు వేడెక్కినా టాప్ ఆగుతుంది. కొత్తగా కారు కొన్నవారు అపార్ట్‌మెంట్‌లో అందరికీ నాలుగుసార్లు తెరిచి మూసి చూపించి, ఐదోసారి అది ఆగిపోయేసరికి ముఖం వేలాడేయడం నేను రెండుసార్లు చూశాను. అలాంటప్పుడు పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేసి మళ్లీ ప్రయత్నిస్తే చాలు.

బ్యాటరీ విషయంలో కొంత ఓపిక అవసరం. ఆయిల్ ఒత్తిడితో టాప్‌ను కదిపే హైడ్రాలిక్ పంపు చాలా కరెంటు తీసుకుంటుంది. బెంగళూరులో కన్వర్టిబుల్ కార్లు వారమంతా కవరు కింద నిలబడి, ఆదివారం పది కిలోమీటర్లు తిరిగి వస్తాయి కాబట్టి బ్యాటరీ ఎప్పుడూ అరకొరగానే ఉంటుంది. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో మల్టీమీటరు 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 చూపిస్తే సగం ఖాళీ అయినట్టు. అయితే నిలకడగా ఉన్న వోల్టేజీని మాత్రమే నమ్మకూడదు. ఒకరు టాప్ స్విచ్ నొక్కుతుండగా మరొకరు బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర మీటరు పట్టుకుని చూడాలి. ఇంజను ఆపి, ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి నొక్కినప్పుడు అంకె పది వోల్టుల కిందికి పడిపోతే, టాప్ గురించి ఇక వెతకవద్దు, బ్యాటరీనో తుప్పు పట్టిన టెర్మినల్‌నో సరిచేయండి. ఇంజను స్టార్ట్ అవుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందనే వాదనతో నేను ఒక నెల పోగొట్టుకున్నాను.

బ్యాటరీ తీసి పెట్టిన తరువాత మొదలైన సమస్య అయితే పక్క అద్దాలను అనుమానించాలి. చట్రం లేని అద్దాలున్న ఈ కార్లలో టాప్ కదలడానికి ముందు అద్దాలు దిగాలి. బ్యాటరీ తీస్తే అవి తమ పై, కింది హద్దులను మరిచిపోతాయి. చాలా కార్లలో అద్దాన్ని పూర్తిగా దించి స్విచ్‌ను కొన్ని సెకన్లు అలాగే పట్టి, పూర్తిగా ఎత్తి మళ్లీ అలాగే పడితే జ్ఞాపకం తిరిగి వస్తుంది. ఖచ్చితమైన పద్ధతి ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. సన్‌రూఫ్ ఉన్న కార్లలో కూడా బ్యాటరీ మార్చాక ఇదే తంతు చేయించవలసి వస్తుంది.

చెవితో చేసే పరీక్ష

ఇంత వరకు అన్నీ సరిగానే ఉంటే, కారును నిశ్శబ్దంగా ఉన్న చోట పెట్టి, ఒకరిని డిక్కీ దగ్గర నిలబెట్టి స్విచ్ నొక్కండి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, కానీ చాలామంది మెకానిక్కులు సైతం దీన్ని దాటవేసి నేరుగా కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే స్కానరు తగిలిస్తారు.

ఏ శబ్దమూ రాకపోతే కరెంటు అసలు బయలుదేరలేదన్న మాట. స్విచ్, ఫ్యూజు, లేదా పైన చెప్పిన షరతుల్లో ఒకటి కారణం కావచ్చు. పంపు ఫ్యూజు పెద్దదే ఉంటుంది, సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్లది. అది పోతే అదే అంకె ఉన్నదే వేయాలి. అంతకన్నా పెద్దది వేస్తే ఈసారి కాలేది తీగ. టిక్కుమని రిలే (మోటారుకు కరెంటును కలిపే స్విచ్) పలికి మోటారు తిరగకపోతే మోటారునో దాని కనెక్షన్‌నో చూడాలి. మోటారు గుయ్యిమని తిరుగుతున్నా టాప్ లేవకపోతే ఆయిల్ తగ్గిందని, లేదా టాప్‌ను చేతితో మూయడానికి ఎప్పుడో ఎవరో తెరిచిన పంపు వాల్వు అలాగే ఉందని అనుకోవచ్చు. టాప్ ఒక వైపు ముందు లేచి రెండోవైపు వెనుకబడితే వెంటనే స్విచ్ వదిలేయండి, ఎందుకంటే ఆ వెనుకబడిన వైపు సిలిండరు బలహీనపడి ఉంటుంది, బలవంతంగా నడిపితే చట్రమే వంగిపోతుంది.

ఏ దశలో ఆగిందన్నది మరీ ముఖ్యం. ఒక సాధారణ గుడ్డ టాప్‌లో క్రమం ఇలా ఉంటుంది: అద్దాలు దిగుతాయి, ముందు అద్దం పైనున్న కొక్కెం విడుతుంది, వెనుక మూత లేస్తుంది, టాప్ ముడుచుకుని లోపలికి వెళ్తుంది, మూత మూసుకుంటుంది. ఒక్కొక్క మెట్టు పూర్తయిందని ఒక చిన్న స్విచ్చో సెన్సారో కంట్రోల్ యూనిట్‌కు చెప్పాలి. మూత పూర్తిగా లేచి ఆ తరువాత కదలిక ఆగిపోతే, మూత లేచినట్టు చెప్పవలసిన సెన్సారు మాట్లాడలేదన్న మాట. ఇది కొత్త రోగమేమీ కాదు. 1957లో ఫోర్డ్ కంపెనీ విడుదల చేసిన స్కైలైనర్‌లో లోహపు టాప్‌ను డిక్కీలోకి మడవడానికి మూడు ప్రధాన మోటార్లు, కదలిక హద్దు చేరిందని చెప్పే పది లిమిట్ స్విచ్‌లు, దాదాపు 186 మీటర్ల తీగ వాడారు. ఆ స్విచ్‌ల్లో ఏది తప్పినా టాప్ సగంలో నిలబడేది. ఇప్పుడు కంప్యూటరు చేరింది గానీ లెక్క అదే.

నీళ్లు, ఆకులు, తీగలు

బెంగళూరు చెట్ల నగరం కావడం ఈ విషయంలో మాత్రం శాపమే. ఫిబ్రవరి, మార్చిలో గులాబీ రంగు టబెబూయా పూలు, ఎండాకాలం నడిమికి తురాయి రెక్కలు, మిగతా కాలమంతా నిద్రగన్నేరు ఆకులు టాప్ ముడుచుకునే గూటి మూలల్లోకి చేరతాయి. అక్కడ వాన నీరు పోవడానికి సన్నని గొట్టాలుంటాయి. అవి మూసుకుపోతే నీరు లోపలికి మళ్లుతుంది. 2002 నుంచి 2008 వరకు తయారైన మొదటి తరం జెడ్‌4లో టాప్ మోటారు సరిగ్గా ఆ నీరు చేరే గుంటలోనే ఉంటుంది, గొట్టం మూసుకుపోతే మోటారు మునిగి పాడవడం ఆ కారుకున్న ప్రసిద్ధమైన బలహీనత. మరికొన్ని కార్లలో పంపు, కంట్రోల్ యూనిట్ డిక్కీ అడుగునో పక్క గూటిలోనో ఉంటాయి. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు మీద నీళ్లు నిలిచిన రోజుల్లో తడిసిన కారును సెకండ్ హ్యాండ్‌లో కొనబోతుంటే, డిక్కీ కార్పెట్ ఎత్తి, వేలితో కింది స్పంజిని నొక్కి చూడకుండా ఒప్పుకోవద్దు.

ఆ గొట్టాలను శుభ్రం చేయడానికి గాలి కొట్టించకండి, ఆ ఒత్తిడికి లోపలి అతుకు ఊడితే నీరంతా కారులోకే వస్తుంది. గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాను తీగ ఒక మూర తీసుకుని, మొన నున్నగా చేసి మెల్లగా దూర్చి, తరువాత ఒక సీసాతో నీళ్లు సన్నగా పోయాలి. పోసిన నీరు కారు కింద నేల మీద కనిపించేదాకా పని అయినట్టు కాదు.

ఇక తీగలు. డిక్కీ మూత మడత దగ్గర, రబ్బరు తొడుగులో వెళ్లే తీగల కట్ట మూత తెరిచిన ప్రతిసారీ వంగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పై పొర పగిలి లోపలి రాగి తెగుతుంది. మా కారు టాప్ ఒకరోజు పని చేసి, ఒకరోజు మానేస్తూ ఉంటే, ఒక సర్వీస్ సెంటరులో పంపు మొత్తం మార్చాలని అంచనా రాసిచ్చారు. జేసీ రోడ్డు పక్క సందులో పనిచేసే ఒక చిత్తూరు ఎలక్ట్రీషియన్ ఆ కాగితం చూసి, "పంపు తిరుగుతా ఉంది కదా సార్, దాన్నెందుకు మార్చడం?" అని అడిగి, రబ్బరు తొడుగును వెనక్కి లాగాడు. లోపల గోధుమరంగు తీగ ఒకటి తెగి, రెండు కొసలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మూత ఒక కోణంలో ఉంటే అవి తగిలేవి, మరో కోణంలో విడిపోయేవి. అతను మెత్తని తీగ ముక్క చేర్చి, టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాడు. ఊరికే మెలిపెట్టి టేపు చుడితే ఆరు నెలల్లో మళ్లీ అక్కడే తెగుతుంది.

హైడ్రాలిక్ ఆయిల్

ఆయిల్ స్థాయిని టాప్ ఏ స్థితిలో ఉండగా చూడాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. తప్పు స్థితిలో చూస్తే లేని కొరత ఉన్నట్టు కనిపిస్తుంది. తగ్గిన ఆయిల్ ఎక్కడికో పోయి ఉండాలి కనుక దాన్ని నింపడంతో ఊరుకోకుండా కారిన చోటు వెతకండి. ముందు అద్దం పైన, కొక్కెం ఉన్నచోట గుడ్డకు జిడ్డు మరక కనిపిస్తే అక్కడి చిన్న సిలిండరు సీలు పోయినట్టు. ముందు సీటులో కూర్చున్నవారి నెత్తిన ఆయిల్ చుక్క పడినప్పుడే చాలామందికి ఈ సంగతి తెలుస్తుంది. సీళ్లు మాత్రం మార్చి సిలిండరును తిరిగి వాడుకునే వీలు చాలాచోట్ల ఉంది, కొత్త సిలిండరుకు ఒప్పుకునే ముందు ఆ మాట అడగండి. బ్రేకు ఆయిల్ ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు, ఖనిజ తైలానికి సరిపడే సీళ్లు దానికి ఉబ్బి పాడవుతాయి.

స్కానరు పెట్టించవలసి వస్తే, ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ పరికరాలు సాధారణంగా ఇంజను కోడ్‌లే చదువుతాయి, టాప్ మాడ్యూల్‌ను, అంటే దాని కంట్రోల్ యూనిట్‌ను, చూడలేవు. అన్ని మాడ్యూళ్లనూ చదివే స్కానరు ఉన్న గ్యారేజీకి వెళ్లి, కోడ్‌ను చెరిపే ముందు రాసుకోమనండి. అంతకన్నా ఉపయోగకరమైనది లైవ్ డేటా: కొక్కెంను చేత్తో కదుపుతూ తెరమీద ఆ సెన్సారు విలువ మారుతోందో లేదో చూస్తే దోషి పట్టుబడుతుంది.

వానలో చిక్కుకున్నప్పుడు

టాప్ సగంలో నిలిచిపోతే దాని కింద చేతులు, తల పెట్టవద్దు. కొన్ని కార్లలో కొన్ని నిమిషాల తరువాత పంపులోని ఒత్తిడి వదులవుతుంది, బరువంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది. చెక్క ముక్కో మరేదైనా ఊతమో పెట్టి, పిల్లలను దూరంగా ఉంచి, ఆ తరువాతే మాన్యువల్ తెరవండి. చేతితో మూసే పద్ధతి దాదాపు ప్రతి కారుకూ ఉంటుంది. హైడ్రాలిక్ కార్లలో చాలావాటికి ఇగ్నిషన్ ఆపి, పంపు దగ్గరి వాల్వును అలెన్ కీతో తెరిచి, ఇద్దరు మనుషులు రెండు పక్కలా పట్టుకుని సమానంగా ఎత్తి, ముందు కొక్కెంను చేతి కీతో బిగించాలి. వాల్వు తెరవకుండా లాగితే ఆయిల్ ఎదురు తిరుగుతుంది, చట్రం వంగుతుంది. ఒంటరిగా ఉంటే ఆగి, సాయం కోసం ఎవరినైనా పిలవండి. సగం లేచిన టాప్‌తో మాత్రం కారు నడపకండి, గాలి దాన్ని వెనక్కి విరిచేయగలదు.

తరువాత మరమ్మతు పూర్తయి స్విచ్ నొక్కే ముందు, ఆ వాల్వును మళ్లీ బిగించారో లేదో మీ కళ్లతో చూడండి. అది తెరిచి ఉంటే పంపు ఎంత తిరిగినా టాప్ లేవదు.