రోటరీ ఇంజిన్ వేడెక్కుతుంటే ముందు రేడియేటర్ రెండు వైపులా చూడండి

హోమ్‌బిల్ట్ (సొంతంగా కట్టుకున్న) విమానంలో మాజ్దా 13బి రోటరీ (పిస్టన్ల బదులు తిరిగే రోటర్లుండే కారు ఇంజిన్) పెట్టుకున్నవాళ్లు కూలెంట్ (ఇంజిన్ని చల్లబరిచే ద్రవం) వేడెక్కగానే పెద్ద రేడియేటర్ కోసం వెతుకుతారు. తొందరపడకండి. రేడియేటర్‌లోకి వెళ్లే గొట్టానికి ఒకటి, బయటికొచ్చే గొట్టానికి ఒకటి టెంపరేచర్ సెన్సర్ పెట్టి తేడా చూడండి. తేడా బాగా ఎక్కువుంటే కూలెంట్ నెమ్మదిగా తిరుగుతోందన్నమాట. పంపు బెల్టు జారుతోందేమో, పంపు పీల్చుకునే వైపు హోస్ లోపలికి నొక్కుకుపోతోందేమో, కూలెంట్ దారిలో పైన ఎక్కడో గాలి చిక్కుకుందేమో చూడాలి. తేడా తక్కువుండి ఇంజిన్ మాత్రం మరిగిపోతుంటే చాలావరకు లోపం రేడియేటర్ గుండా పోయే గాలి వైపే. రేడియేటర్ అంచుకీ, దానికి గాలి తెచ్చే డక్ట్‌కీ మధ్య వేలు దూరేంత సందున్నా చాలు, గాలి ఫిన్స్ (రేడియేటర్ పలుచని రేకులు) లోకి పోకుండా అటుగా జారిపోతుంది. వేడికి తట్టుకునే సిలికాన్‌తో మూసేయండి.

థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే వాల్వ్) తీసేస్తే చల్లబడుతుందని చాలామంది నమ్ముతారు. కానీ ఈ ఇంజిన్ వేడెక్కాక బైపాస్ దారిని (కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా తిరిగొచ్చే అడ్డదారిని) మూసేది ఆ థర్మోస్టాటే! తీసేస్తే ఆ బైపాస్ రంధ్రాన్ని తప్పక ప్లగ్ చేయాలి. లేదంటే వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్లిపోతుంది.

ఇంకోటి, కూలెంట్ ప్రెషర్ గేజ్ కూడా పెట్టుకోండి. కూలెంట్ కారిపోయి సెన్సర్ ఆవిరిలో మిగిలితే టెంపరేచర్ మామూలుగానే కనిపించొచ్చు. ప్రెషర్ పడిపోవడం మాత్రం ముందే తెలిసిపోతుంది.