మంచు తుఫానులో మ్యాక్స్ పేన్: 2001 నాటి ఆటను ఇప్పుడు ఎలా ఆడాలి

మ్యాక్స్ పేన్ 2001 జూలైలో కంప్యూటర్ ఆటగా విడుదలైంది. ఫిన్లండ్‌కు చెందిన రెమెడీ ఎంటర్‌టైన్‌మెంట్ దీనిని తయారుచేసింది. ఈ ఆట తెలిసినవారిలో ఎక్కువమంది ముందుగా బుల్లెట్ టైమ్‌నే తలచుకుంటారు. మీట నొక్కగానే కాలం మందగించి, దూసుకువచ్చే తూటాలు కంటికి కనబడుతూ ఉంటే, కథానాయకుడు పక్కకు దూకుతూ రెండు చేతులా పిస్తోళ్లు పేల్చే ఆ దృశ్యాన్ని ఒకసారి చూసినవారు మరచిపోరు. నా దృష్టిలో ఈ ఆట గొప్పదనమంతా దాని నిదానంలోనే ఉంది. కాల్పుల మధ్య కాలాన్ని ఆపి చూడమంటుంది. కాల్పులు ముగిశాక నిలబడి వినమంటుంది. ఈ రెండవదాన్ని వదిలేసి తలుపు నుంచి తలుపుకు పరుగెత్తినవారికి మంచి తుపాకుల ఆట దొరుకుతుంది గాని, మ్యాక్స్ పేన్ దొరకదు. అందువల్ల దీనిని మళ్లీ ఆడాలనుకునేవారికీ, పేరు మాత్రమే విన్నవారికీ, ఆ నిదానం చెడకుండా ఆడే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఏ ప్రతిని ఎంచుకోవాలి

వీలున్నంతవరకు కంప్యూటర్ ప్రతినే ఎంచుకోవాలి, ఎందుకంటే ఈ ఆటను మొదటి నుంచీ మౌస్‌తో గురిపెట్టడానికే రూపొందించారు. కాలం మందగించిన క్షణంలో ఒక శత్రువు మీది నుంచి మరొకరి మీదికి గురిని మార్చడం మౌస్‌తో వచ్చినంత సహజంగా మరి దేనితోనూ రాదు. అదే ఏడాది డిసెంబరులో ప్లేస్టేషన్ 2కూ, ఎక్స్‌బాక్స్‌కూ వచ్చిన ప్రతులు కూడా ఆడదగినవే. పాత ఎక్స్‌బాక్స్ ప్రతిని 2021 నవంబరు నుంచి కొత్త ఎక్స్‌బాక్స్ యంత్రాల మీద కూడా ఆడుకోవచ్చు. 2012లో ఫోన్లకు వచ్చిన ప్రతిని వేళ్లతో ఆడడం కష్టం గనుక, ఫోనే గతి అయినవారు ఒక కంట్రోలర్‌ను జతచేసుకోవడం మేలు.

కంప్యూటర్ ప్రతి స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో దొరుకుతుంది. అయితే కొని, దించుకుని, వెంటనే మొదలుపెట్టవద్దు. ఈనాటి విండోస్ మీద ఇది మూడు చోట్ల మొరాయిస్తుంది. మొదటిది, కొన్ని కొత్త ప్రాసెసర్లలో జేపెగ్ చిత్రాల కొలతల గురించి ఒక దోష సందేశం చూపి, ఆట తెరుచుకోకుండానే ఆగిపోవడం. రెండవది, ధ్వని ఫైళ్లను కుదించిన పాత పద్ధతిని కొత్త విండోస్ సరిగా విప్పలేక సంగీతమూ చప్పుళ్లూ మాయమవడం. మూడవది, వెడల్పు తెరల మీద బొమ్మ సాగిపోవడం. ఈ మూడింటికీ అభిమానులు ఉచితంగా చేసిపెట్టిన సవరణ ఫైళ్లు ఉన్నాయి; పీసీ గేమింగ్ వికీలో ఈ ఆట పేజీ తెరిస్తే ఏది దేనికో వివరంగా కనిపిస్తుంది. ముందుగా ఆట ఫోల్డరుకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకుని, సవరణలను ఒకదాని తరువాత ఒకటిగా చేర్చి, ప్రతిసారీ ఆటను తెరిచి చూసుకోవాలి. సెకనుకు చూపే చిత్రాల సంఖ్యను 60కి పరిమితం చేసుకోవడం కూడా మంచిది.

వీటిలో ధ్వని సవరణే అన్నిటికంటె ముఖ్యమైనది. చిత్రకథ పుటల్లో మాటలు వినిపిస్తే ధ్వని అంతా బాగున్నట్టేనని అనుకోకూడదు. ఆట లోపల సంగీతం, తుపాకీ చప్పుడు, గోడ అవతలి సంభాషణ కూడా వినిపిస్తున్నాయని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లాలి. సంగీతం లేకుండా ఆడి, ఇందులో ఏముందని అడిగేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. కార్ట్సీ హటక్కా, కిమ్మో కాయస్తో కూర్చిన ఆ ప్రధాన స్వరం లేకపోతే ఆ నగరంలో సగం లేనట్టే.

మొదటి గంట

వెలుతురు తగ్గించిన గదిలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఉపశీర్షికలను వాడుకుంటూ మొదలుపెట్టండి. కథ చివరి నుంచి మొదలవుతుంది: మంచు తుఫానులో న్యూయార్క్, ఒక ఎత్తైన భవనం మీద తుపాకీ పట్టుకుని నిలబడిన మనిషి, కిందినుంచి పోలీసుల సైరన్లు. అక్కడి నుంచి మూడేళ్లు వెనక్కి వెళ్తాం. పోలీసు ఉద్యోగి మ్యాక్స్ ఇంటికి చేరేసరికి వాల్కిర్ అనే మత్తుమందు మైకంలో ఉన్న దుండగులు ఇంట్లో ఉంటారు. భార్య మిషెల్, పసిపాప ఆనాడు బలవుతారు. ఆ ఇంట్లో పరుగెత్తకండి. మోగుతున్న ఫోను ఎత్తండి, అవతల మాట్లాడే ఆడగొంతును గుర్తుపెట్టుకోండి. అది ఎవరిదో ఇక్కడ చెప్పను గాని, చాలా సేపటి తరువాత ఆ గొంతు మళ్లీ వినబడినప్పుడు, మొదట్లో శ్రద్ధగా విన్నవారికి కలిగే గగుర్పాటు వేరుగా ఉంటుంది.

కథను నడిపే దృశ్యాలను రెమెడీ చలన చిత్రాలుగా తీయలేదు. ఫొటోలు తీసి, వాటికి రంగులద్దిన చిత్రాల రూపమిచ్చి, చిత్రకథ పుటలుగా పేర్చి, పైన గొంతులు వినిపించింది. చిన్న బృందానికి ఇది ఖర్చు తక్కువ పద్ధతి. ఫలితం మాత్రం ఆనాటి ఖరీదైన యానిమేషన్ల కంటె ఎక్కువ కాలం నిలిచింది. 2001 నాటి కదిలే ముఖాలు ఇప్పుడు చెక్కబొమ్మల్లా కనిపిస్తాయి గాని, ఈ పుటలకు వయసు మీదపడలేదు. కథ రాసిన శామ్ లేక్ ముఖమే మ్యాక్స్ ముఖం. కనుబొమలు ముడిచి, మూతి బిగించి చూసే ఆ చూపు అతడిదే. గొంతు మాత్రం అమెరికా నటుడు జేమ్స్ మెకాఫ్రీది. ఆయన 2023 డిసెంబరులో మరణించారు. ఇప్పుడు ఆడేటప్పుడు ఆ పొడిబారిన, అలసిన గొంతును వినే తీరులో తేడా ఉంటుంది. పుటలను దాటవేసే సౌకర్యం ఉంది. మొదటిసారి ఆడేవారు దానిని వాడకూడదని నా గట్టి సలహా.

కాల్పుల పద్ధతి

ఈ ఆటలో ప్రతి తూటా గాలిలో ప్రయాణించి లక్ష్యాన్ని చేరే వస్తువు. పేల్చిన క్షణానే తగిలినట్టు లెక్కవేయరు. దీనిని అర్థం చేసుకుంటే తక్కినదంతా తేలికవుతుంది. దూరంగా కదులుతున్న శత్రువు ఉన్న చోటికి కాక, కొద్దిగా ముందుకు గురిపెట్టాలి. మీ మీదికి వచ్చే తూటాల నుంచి పక్కకు జరిగి తప్పించుకోవచ్చు. నేరుగా వెనక్కి పరుగెత్తితే తూటాల దారిలోనే ఉంటారు గనుక, అడ్డంగా కదలడం అలవాటు చేసుకోవాలి.

కాలాన్ని మందగింపజేయడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, నిలబడి గాని నడుస్తూ గాని బుల్లెట్ టైమ్‌ను ఆరంభించడం. దీనివల్ల తెర మూలనున్న ఇసుక గడియారం ఆపేవరకూ ఖాళీ అవుతూ ఉంటుంది. రెండవది షూట్‌డాడ్జ్, అంటే ఒక దిక్కు మీటతో పాటు బుల్లెట్ టైమ్ మీటను నొక్కి ఆ దిక్కుకు దూకడం. దీనికి కొద్దిపాటి ఇసుక మాత్రమే ఖర్చవుతుంది. శత్రువులను చంపినకొద్దీ గడియారం మళ్లీ నిండుతుంది. కొత్తవారు గడియారాన్ని ఏదో పెద్ద పోరాటం కోసం దాచుకుంటూ, ఆ లోపు చిన్న గదుల్లోనే చనిపోతూ ఉంటారు. దాచవలసిన పని లేదు. ప్రతి గదిలోకీ షూట్‌డాడ్జ్‌తోనే ప్రవేశించి, దూకుతుండగానే ఇద్దరిని పడగొడితే ఖర్చయినది తిరిగి వస్తుంది.

ఇలా దూకడంలో ఒక ప్రమాదం ఉంది. నేలమీద పడ్డాక మ్యాక్స్ లేచి నిలబడేవరకు మీ చేతిలో ఏమీ ఉండదు. గదిలో ఇంకా ఇద్దరు మిగిలి ఉంటే ఆ క్షణమే ప్రాణాంతకం. అందుకని దూకే ముందు ఎక్కడ పడతారో చూసుకోండి. గుమ్మం ఇవతలి నుంచి అడ్డంగా దూకి, అవతలి గోడ చాటున పడడం అన్నిటికంటె పదిలమైన పద్ధతి. గాలిలో ఉన్నంతసేపూ గది మొత్తం కనబడుతుంది, పడేసరికి గోడ కాపాడుతుంది. మెట్ల మీద దూకితే గోడకో రెయిలింగుకో తగిలి దూకు మధ్యలోనే ఆగిపోతుంది గనుక అక్కడ నిలబడి బుల్లెట్ టైమ్ వాడడమే నయం.

ఆయుధాల విషయంలో ఎక్కువ చెప్పనవసరం లేదు. జంట బెరెట్టా పిస్తోళ్లు చూడడానికి ఎంత అందమో మొదటి భాగంలో అంత పనికొస్తాయి; ఇరుకు నడవల్లో పంప్ షాట్‌గన్, ఎక్కువమంది ఎదురైనప్పుడు జంట ఇంగ్రామ్ చిన్న మెషిన్‌గన్‌లు, చివరి భాగంలోని కవచధారులకు కోల్ట్ కమాండో రైఫిల్ సరిపోతాయి. గదిలోకి వెళ్లే ముందు తూటాలు నింపుకోవడం మాత్రం మరవకండి. గుంపులో చివరివాడు పడేటప్పుడు కెమెరా తరచుగా అతడి చుట్టూ నెమ్మదిగా తిరుగుతుంది. అది కనబడితే తుపాకీ దించవచ్చు.

ఆరోగ్యం దానంతట నిండదు. నొప్పి మాత్రలే ఆధారం, అవి కూడా 8కి మించి మోయలేరు, మింగిన వెంటనే కాక క్రమంగా పనిచేస్తాయి. కాల్పుల మధ్యలో ప్రాణం పోయే స్థితిలో మింగడం కంటె, పోరు ముగిశాక గాని, సగం ఆరోగ్యం ఉన్నప్పుడే గాని మింగడం తెలివైన పని. మందుల అల్మారాలను, స్నానాల గదులను తప్పక వెతకండి. సేవ్ చేసుకోవడంలోనూ కొంత జాగ్రత్త అవసరం: ఒక్క మీటతో జరిగే క్విక్ సేవ్ మీదనే ఆధారపడితే, తూటా తగలబోయే క్షణంలో పొరపాటున నొక్కి ఇరుక్కుపోతారు. ప్రతి అధ్యాయం మొదట్లో ఒక వేరే సేవ్ ఉంచుకోవాలి. రెండవ భాగంలో తగలబడుతున్న రెస్టారెంటు నుంచి బయటపడే అధ్యాయంలో దీని విలువ తెలిసివస్తుంది.

మొదటిసారి మీకు ఫ్యుజిటివ్ అనే ఒక్క కష్టస్థాయే తెరిచి ఉంటుంది. మీరు ఆడే తీరును గమనిస్తూ కష్టాన్ని తనంతట తాను సర్దుకోవడం ఆ స్థాయి ప్రత్యేకత. పదేపదే చనిపోతే కొంత కనికరిస్తుంది, చక్కగా ఆడితే బిగిస్తుంది. తుపాకులన్నీ ఒక్కసారిగా ఇచ్చే చీట్ కోడ్‌లు ఆ రోజుల్లో చేతులు మారుతూ ఉండేవి. ఆ కోడ్‌లతో ఆడి ఆటను ముగించామనుకున్నవారు ఇప్పుడైనా అవి లేకుండా ఒకసారి ఆడాలని కోరుతున్నాను, ఎందుకంటే 4 తూటాలు, 1 మాత్ర మిగిలిన స్థితిలో ఒక తలుపు ముందు నిలబడి, అవతలి అడుగుల చప్పుడు వింటూ దూకాలా వద్దా అని తేల్చుకునే ఆ తడబాటులోనే మ్యాక్స్ పరిస్థితి మనకు అనుభవమవుతుంది.

ఆగవలసిన చోట్లు

తలుపు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగండి. లోపలి దుండగులు చాలాసార్లు ఏదో మాట్లాడుకుంటూ ఉంటారు. జీతాల గురించి, యజమాని పిచ్చి గురించి, టీవీలో చూసినదాని గురించి. చొరబడితే ఆ సంభాషణ మధ్యలోనే తెగిపోతుంది, మళ్లీ వినబడదు. పూర్తిగా విన్నాక లోపలికి వెళ్లడం అలవాటు చేసుకుంటే, కాసేపటి క్రితం నవ్వించిన మనుషులమీదే తుపాకీ ఎత్తవలసిరావడం మనసును కొంచెం ఇబ్బంది పెడుతుంది. ఆట రచయిత కోరుకున్నది కూడా అదేనని నా అభిప్రాయం.

టీవీలు కనబడితే చూడండి. వాటిలో వచ్చే ధారావాహికలు మ్యాక్స్ కథనే వక్రంగా, వెక్కిరింపుగా చెబుతున్నట్టు ఉంటాయి. పియానో ఉంటే వాయించండి, కొళాయి ఉంటే తిప్పండి. గోడలను దగ్గరగా చూడండి: రెమెడీ బృందం న్యూయార్క్ వెళ్లి అక్కడి వీధులను, భవనాలను ఫొటోలు తీసుకొచ్చి ఆ గోడలకు వాడుకుంది. ఆ మురికి, ఆ పెచ్చులూడిన ఇటుకలు ఇప్పటికీ నమ్మించడానికి అదే కారణం.

పేర్ల మీద కూడా దృష్టి పెట్టండి. వాల్కిర్, ఏసిర్, ఆస్గార్డ్, రాగ్నా రాక్, ఒంటికన్ను ఆల్ఫ్రెడ్ వోడెన్ — ఇవన్నీ నార్స్ పురాణాల నుంచి, అంటే ప్రాచీన స్కాండినేవియా కథల నుంచి వచ్చినవి. ఆ పురాణాల్లో లోకాంతానికి ముందు వరుసగా మూడు శీతకాలాలు ఎడతెగక వస్తాయని ఉంది. న్యూయార్క్‌ను కప్పేస్తున్న మంచు తుఫానును ఆ వెలుగులో చూస్తే, ఒక పోలీసు పగకథకు ఉత్తర ఐరోపా రచయిత ఎందుకు అంత చలిని తెచ్చిపెట్టాడో అర్థమవుతుంది.

మత్తుమందు ప్రభావంలో వచ్చే పీడకల స్థాయిలు చాలామందికి విసుగు పుట్టించాయి. చీకటి శూన్యంలో సన్నని రక్తపు గీత మీద నడవాలి, అడుగు తప్పితే పడిపోతారు, చెవుల్లో పసిపాప ఏడుపు. ఇక్కడ పరుగు పనికిరాదు: ముందు మీటను మాత్రమే పట్టుకుని, దిశను మౌస్‌తో కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి మలుపు దగ్గరా సేవ్ చేసుకుంటూ వెళ్లండి. దాటవేసే ఉపాయాలు వెతకవద్దు. రెండవ పీడకలలో మ్యాక్స్ తాను ఒక చిత్రకథలో, ఒక కంప్యూటర్ ఆటలో ఉన్నానని తెలుసుకునే సందర్భం ఉంది. ఆడుతున్నవారి వైపే తిరిగి చూసినట్టుండే ఆ క్షణం, నాకు తెలిసినంతలో, ఆనాటి తుపాకుల ఆటల్లో చాలా అరుదైనది.

ముగించిన తరువాత

ఆట ఒకసారి పూర్తయితే హార్డ్‌బాయిల్డ్, న్యూయార్క్ మినిట్ అనే స్థాయిలు తెరుచుకుంటాయి. హార్డ్‌బాయిల్డ్ కూడా పూర్తిచేస్తే డెడ్ ఆన్ అరైవల్ వస్తుంది. న్యూయార్క్ మినిట్‌లో నిమిషం గడియారం నడుస్తుంది, ఒక్కో శత్రువు పడినప్పుడు కొన్ని సెకన్లు కలుస్తాయి. పరుగు సరదా తీర్చుకోదలచినవారు దానికోసం ఈ స్థాయిని అట్టిపెట్టుకోవాలి. డెడ్ ఆన్ అరైవల్‌లో అధ్యాయానికి 7 సేవ్‌లే ఉంటాయి గనుక, ముందే గదులన్నీ గుర్తున్నవారికి మాత్రమే దానిని సిఫారసు చేస్తాను.

2003లో వచ్చిన రెండవ ఆటకు వెంటనే వెళ్లవచ్చు, వెళ్లాలి కూడా. మొదటి ఆటలో ఎదురయ్యే కిరాయి హంతకురాలు మోనా సాక్స్ కథ అక్కడే పూర్తవుతుంది. 2012లో రాక్‌స్టార్ సంస్థ చేసిన మూడవది సావో పౌలో ఎండలో జరిగే వేరే స్వభావం గల ఆట, దానికి కొంత విరామం ఇచ్చి ఆడండి. మొదటి రెండింటినీ కలిపి పునర్నిర్మిస్తున్నట్టు రెమెడీ 2022 ఏప్రిల్‌లో ప్రకటించింది. దానికోసం ఎదురుచూస్తూ పాతదాన్ని పక్కన పెట్టకండి: ధ్వని సవరణ వేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఈ వారమే మొదలుపెట్టండి.