ఇంక్యుబేటర్‌లో కోడిగుడ్లు: 3 పిల్లల నుంచి 19 పిల్లల దాకా

ఇంక్యుబేటర్ అంటే కోడి లేకుండా గుడ్లు పొదిగే వేడి డబ్బా. అందులో మొదటిసారి 24 గుడ్లు పెడితే 3 పిల్లలు లేచాయి. అవీ లేవాల్సిన 21వ రోజు కాదు, 23వ రోజు రాత్రి. తెల్లారేసరికి అందులో ఒకటి పోయింది. మిగిలిన గుడ్లు పగలగొట్టి చూస్తే సగానికి పైగా గుడ్లలో పిల్ల పూర్తిగా తయారై ఉంది, ఒంటిమీద నూగుతో సహా. ఏడుపొక్కటే తక్కువ. అమ్మకి ఫోన్ చేస్తే, "కోడి ఏ మీటరు పెట్టుకుని పొదుగుతుందే? నువ్వు గంటకోసారి లేపి చూస్తే అదైనా పొదుగుతుందా?" అంది.

అందులో మొదటి మాట నేను ఒప్పుకోను. కోడికి మీటరు అక్కర్లేదు, గుడ్లు దాని పొట్ట కిందే ఉంటాయి కాబట్టి. డబ్బాకి మాత్రం కావాలి, అదీ నిజం చెప్పే మీటరు. రెండో మాట నూటికి నూరుపాళ్లూ నిజం. మిషన్ మీద కనిపించే అంకెని గుడ్డిగా నమ్మడం, చివరి మూడు రోజులూ మూత తీసి తీసి చూడటం, ఈ రెండే నా మొదటి బ్యాచ్‌ని చంపాయి. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు గుడ్లు

పుంజు తిరిగే గుంపులో పెట్టిన గుడ్లే పొదుగుతాయి. ఒక పుంజుకి 8 నుంచి 10 పెట్టలుంటే సరిపోతుంది. మరీ పెద్దవి, మరీ చిన్నవి, సన్నగా గీత పడినవి, పెంకు గరగరలాడేవి పక్కన పెట్టేయండి. గుడ్డు మురికిగా ఉందని కడగొద్దు. పెంకు మీద కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుంది, సూక్ష్మజీవుల్ని లోపలికి పోనివ్వనిది అదే. కడిగితే అది పోతుంది. కొంచెం మట్టి ఉంటే పొడిగా గీకేయండి, బాగా మురికైతే ఆ గుడ్డు వదులుకోండి.

పెట్టిన గుడ్లు పోగుచేసేటప్పుడు 7 రోజులు దాటనివ్వకండి. దాటితే పిల్లలు లేచే అవకాశం రోజురోజుకీ పడిపోతుంది. 15 డిగ్రీల దరిదాపుల్లో ఉండే చల్లటి చోటు మంచిది, ఫ్రిజ్ మాత్రం వద్దు. సన్న మొన కిందికి, వెడల్పు భాగం పైకి ఉంచాలి. దూరం నుంచి తెప్పించుకున్న గుడ్లయితే అదే తీరున నిలబెట్టి ఒక రోజు కదపకుండా వదిలేయండి. చల్లటి గుడ్డుని నేరుగా వేడి డబ్బాలో పెడితే పెంకు మీద చెమట పడుతుంది, కాబట్టి గది వేడికి వచ్చాకే పెట్టండి.

అబద్ధం చెప్పే థర్మామీటర్

ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌కి 37.5 డిగ్రీలు కావాలి. నా మిషన్ తెర మీద మొదటి రోజు నుంచీ అదే అంకె మెరిసింది. అసలు లోపలున్నది 36.3. ఆ సంగతి తెలిసేసరికి బ్యాచ్ పోయింది. ఒక్క డిగ్రీ మనకేం లెక్క అనిపిస్తుంది గానీ, మూడు వారాల పాటు డిగ్రీ తక్కువైతే పిల్ల ఆలస్యంగా తయారవుతుంది, నీరసంగా ఉంటుంది, పెంకు పగలగొట్టే ఓపిక దానికి ఉండదు. డిగ్రీ ఎక్కువైతే ఇంకా ఘోరం.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఒక కప్పులో గోరువెచ్చటి నీళ్లు పోసి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కొన ముంచుతాను. నీళ్లు కలుపుతూ అది 37.5 దగ్గర ఉండేలా చల్లవో వేడివో పోసి సరిచేస్తాను. ఇంక్యుబేటర్‌లో పెట్టబోయే విడి థర్మామీటర్ కొన కూడా పక్కనే ముంచి, రెండు అంకెలూ చూసి తేడా రాసుకుంటాను. మనిషి జ్వరం చూసే థర్మామీటర్‌ని సరిగ్గా ఈ వేడి దగ్గరే ఖచ్చితంగా పనిచేసేలా తయారు చేస్తారు, అందుకే మిగతా వాటికి అదే కొలబద్ద. నా విడి థర్మామీటర్ 0.4 ఎక్కువ చూపిస్తుంది. దాని వెనక ఆ అంకె మార్కర్‌తో రాసి పెట్టాను. మిషన్ తెర మీది అంకెని ఇప్పుడు అలంకారం కింద చూస్తాను, అంతే.

ఫ్యాన్ లేని డబ్బాలో లెక్క వేరు. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి అడుగున ఒక వేడి, పైన ఒక వేడి. థర్మామీటర్ కొన గుడ్ల పై భాగం ఎత్తులో ఉండాలి, అక్కడ 38.3 నుంచి 38.9 దాకా చూపించాలి.

తేమ మీటరుకీ పరీక్ష ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలపండి. దాన్నీ మీటరునీ గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున మీటరు 75 శాతం చూపించాలి. 69 చూపిస్తే అది ఎప్పుడూ 6 తక్కువ చెబుతోందని అనుకుని లెక్క చూసుకోవడమే.

గుడ్లు పెట్టకముందు ఖాళీ డబ్బాని కనీసం 24 గంటలు నడపండి. ఎండ పడని, గాలి విసురుగా తగలని గదిలో పెట్టండి.

మొదటి 18 రోజులు

ఈ రోజుల్లో పెద్దగా పనుండదు. గుడ్లు తిప్పాలి, తేమ చూడాలి, మధ్యలో టార్చి వేసి చూడాలి.

తిప్పడం ఎందుకంటే, లోపల పిండం పచ్చసొన మీద తేలుతూ ఉంటుంది. గుడ్డు కదలకుండా పడి ఉంటే అది పైకి తేలి పెంకు లోపలి పొరకి అంటుకుపోతుంది. మొదటి వారంలో ఇది మరీ ముఖ్యం. చేత్తో తిప్పేవాళ్లు పెన్సిల్‌తో ఒక పక్క ఇంటూ, రెండో పక్క సున్నా గీయండి (పెన్ను, స్కెచ్ వద్దు). రోజుకి 3 సార్లో 5 సార్లో తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే రాత్రి ఎక్కువ సేపు కదలకుండా ఉండే పక్క ప్రతిరోజూ మారుతుంది. ఆటోమేటిక్ ట్రే ఉన్నా ఒక గుడ్డు మీద గీత పెట్టి, నిజంగా తిరుగుతోందో లేదో చూసుకోండి. నా రెండో బ్యాచ్‌లో మోటారు హాయిగా చప్పుడు చేస్తూనే ఉంది, ట్రేలో ఒక వరస మాత్రం 4 రోజుల పాటు అంగుళం కదల్లేదు.

తేమ 45 నుంచి 50 శాతం. నీళ్లు ఎంత లోతు పోశామన్నది కాదు, ఎంత వెడల్పున గాలికి తగులుతున్నాయన్నదే లెక్క. తేమ చాలకపోతే ఇంకో వెడల్పాటి మూతలో నీళ్లు పెట్టండి, ఉన్న గిన్నెని నిండా నింపితే ఏం మారదు.

మీటరు కన్నా నేను ఎక్కువ నమ్మేది తూకం. 18 రోజుల్లో గుడ్డు బరువు 11 నుంచి 13 శాతం తగ్గాలి. నీరు ఆవిరై బయటికి పోయిన కొద్దీ వెడల్పు వైపు గాలి గది పెరుగుతుంది, పిల్ల మొదటి ఊపిరి తీసుకునేది అందులోనే. నా గుడ్లు సగటున 58 గ్రాములుంటాయి. 7వ రోజుకి సుమారు 55, 18వ రోజుకి 51 ఉంటే నిశ్చింత. తగ్గాల్సినంత తగ్గకపోతే నీళ్లు తగ్గిస్తాను, మరీ తగ్గిపోతే ఇంకాస్త వెడల్పున నీళ్లు పెడతాను.

7వ రోజు రాత్రి టార్చి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. గదిలో లైట్లన్నీ ఆపేసి, ఫోన్ టార్చి మీద వేళ్లు గుండ్రంగా మూసి, ఆ సందులో గుడ్డు వెడల్పు భాగం ఆనించాలి. గుడ్డంతా నారింజ రంగులో వెలుగుతుంది. మధ్యలో చిన్న నల్లటి చుక్క, దాన్నుంచి సాలెగూడులా నలువైపులకీ ఎర్రటి నరాలు. కాసేపు కదపకుండా పట్టుకుంటే ఆ చుక్క ఉలిక్కిపడినట్టు కదులుతుంది. మొదటిసారి చూసినప్పుడు మా వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అమ్మా, అది మనల్ని చూసింది" అన్నాడు. ఏ గీతా లేకుండా తేటగా వెలిగితే అందులో పిల్ల లేదు. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరం ఒక్కటే ఉంటే మొదలై ఆగిపోయింది. ఆ రెండు రకాలూ తీసేయండి. గోధుమరంగు పెంకులో సరిగ్గా కనిపించదు, అనుమానమైతే ఇంకో మూడు రోజులు ఆగి చూడొచ్చు. వాసన కొట్టే గుడ్డుని మాత్రం ఒక్క నిమిషం కూడా ఉంచకండి, మురగ్గుడ్డు లోపల పేలితే మిగతా గుడ్లన్నీ పాడైనట్టే.

14వ రోజు మళ్లీ చూస్తే గాలి గది తప్ప మిగతాదంతా నల్లగా ఉండాలి.

కరెంటు పోతే కంగారు పడకండి. పొదిగే కోడి కూడా రోజూ కాసేపు గుడ్లు వదిలి మేతకి లేస్తుంది. మూత తీయకుండా, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పైన దుప్పటి కప్పండి. కొన్ని గంటల చల్లదనాన్ని గుడ్లు తట్టుకుంటాయి, మహా అయితే పిల్లలు కొంచెం ఆలస్యంగా వస్తాయి. వేడి ఎక్కువైతే మాత్రం ఉపేక్షించొద్దు. 40 డిగ్రీలు దాటి కాసేపు నిలిస్తే లోపలివి చచ్చిపోతాయి. చివరి వారంలో పిల్లలే సొంతంగా వేడి పుట్టిస్తాయి, కాబట్టి అప్పుడు థర్మామీటర్ ఇంకో రెండుసార్లు ఎక్కువ చూడండి.

18 నుంచి 21: చేతులు కట్టేసుకునే రోజులు

రోజుల లెక్కలో చాలామంది తప్పుతారు. గుడ్లు పెట్టిన రోజు సున్నా, 24 గంటలు గడిచాక ఒకటి. శనివారం పెడితే మూడు వారాల తర్వాత శనివారమే పిల్లలు.

18వ రోజు తిప్పడం ఆపేయాలి. తిప్పే ట్రే తీసేసి, అడుగున గరుకు గుడ్డో జాలీయో పరిచి గుడ్లు పడుకోబెట్టండి. నున్నటి నేల మీద పుట్టిన పిల్ల కాళ్లు రెండు పక్కలకీ జారిపోతాయి. తేమ 65 నుంచి 70 శాతానికి పెంచి, గాలి రంధ్రాలు పూర్తిగా తెరవండి. ఇక మూత వేశాక తీయకూడదు.

తీయకూడదంటే ఏ కారణానికీ తీయకూడదు. మూత ఒక్కసారి ఎత్తితే తేమ క్షణాల్లో పడిపోతుంది. అప్పటికే పెంకుకి బొక్క పెట్టుకున్న పిల్ల చుట్టూ ఉన్న తెల్ల పొర ఎండి, బిగుసుకుని, చుట్టేసిన ప్లాస్టిక్ కాగితంలా పట్టేస్తుంది. పిల్ల లోపల తిరగలేదు. నా మొదటి బ్యాచ్‌కి నేను చేసింది అచ్చం ఇదే, రోజుకి పదిసార్లు.

లోపల జరిగేది తెలిస్తే ఆగడం తేలిక. పిల్ల ముందు గాలి గదిలోకి ముక్కు పొడిచి ఊపిరి తీస్తుంది. పెంకు ఇంకా పగలకముందే కిచకిచ వినిపించేది అందుకే. తర్వాత ముక్కు మీదుండే చిన్న గట్టి మొటిమతో పెంకుకి నక్షత్రంలాంటి పగులు పెడుతుంది. అక్కడ ఆగిపోతుంది, 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు. మనకి అది చచ్చిపోతోందనిపిస్తుంది. నిజానికి నరాల్లోని రక్తాన్నీ మిగిలిన పచ్చసొననీ అప్పుడే ఒంట్లోకి లాక్కుంటోంది. నేను ఆ సంగతి తెలియక ఒకదానికి సాయం చేద్దామని గోటితో పెంకు ఊడదీశాను. పొర మీద నుంచి ఎర్రగా రక్తం కారింది. అరగంట కూడా బతకలేదు.

పొడిచి 24 గంటలు దాటినా కదలిక లేకుండా, పొర గోధుమరంగుకి తిరిగి, పిల్ల మాత్రం ఇంకా అరుస్తుంటే అప్పుడు ఒక్కసారి ఆలోచించొచ్చు. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూదితో పొర తడిపి, వదులుగా ఉన్న పెంకు ముక్కలే తీయాలి. ఒక్క రక్తపు చుక్క కనిపించినా ఆపేయండి.

మూత తీయకుండా ఉండటానికి నా ఉపాయం ఒకటి. 18వ రోజు మూత వేశాక దాని అంచున టేపు అంటించి మా ఆయన చేత సంతకం పెట్టిస్తాను. ఆయనకి నవ్వులాటే గానీ, ఆ టేపు చించాలంటే నాకు సిగ్గేస్తుంది.

పిల్లలు లేచాక

తడిసిన చింకిపాతలా ఉన్న పిల్ల కొన్ని గంటల్లో ఆరి బంతిలా అవుతుంది. తొందరపడి బయటికి తీయొద్దు. ఒంట్లోకి లాక్కున్న పచ్చసొనతో రెండు రోజులు మేత, నీళ్లు లేకుండా ఉండగలదు. ఎక్కువ పిల్లలు లేచి ఆరాక అన్నిటినీ ఒకేసారి మార్చండి.

మార్చే పెట్టెలో దీపం కింద మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. అంకె కన్నా పిల్లల్ని చూడండి. దీపం కింద గుట్టగా చేరి అరుస్తుంటే చలి, మూలలకి పారిపోయి నోళ్లు తెరిస్తే వేడి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేకపోతే అందులోనే పడి మునుగుతాయి. ఒక్కోదాని ముక్కు ఒకసారి నీళ్లలో ముంచితే తాగడం తెలుసుకుంటుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, ఇంట్లో చిన్నపిల్లల చేత కూడా కడిగించండి. కోడిపిల్లల నుంచి సాల్మొనెల్లా అనే విరేచనాలు తెప్పించే సూక్ష్మజీవి మనకి అంటుకుంటుంది.

23వ రోజుకి కూడా లేవని గుడ్లు పారేయకుండా, ముక్కు మూసుకుని పగలగొట్టి చూస్తాను. పిల్ల తడిగా, ఉబ్బినట్టు ఉంటే తేమ ఎక్కువైంది. పొరకి అతుక్కుని ఎండిపోయి ఉంటే తక్కువైంది. లేచినవి 19, 20 రోజుల్లోనే వచ్చేసి ఉంటే వేడి కాస్త ఎక్కువ, 22 దాటితే తక్కువ. పోయిన బ్యాచ్‌లో 24 పెట్టి 7వ రోజు 3 తీసేశాను, మిగతా 21లో 19 లేచాయి. లేవని రెండింట్లో ఒకదాని తల సన్న మొన వైపు తిరిగి ఉంది, అంటే గాలి గదికి అవతలి కొస. రెండోది తడిగా ఉబ్బి ఉంది. నోట్‌బుక్ తీసి చూస్తే 18వ రోజున ఆ గుడ్డు బరువు 54 గ్రాములని నా చేత్తోనే రాసుంది. అంతకుముందే నీళ్లు తగ్గించి ఉండాల్సింది.

ఇక మిషన్ కడగాలి, అదే రోజు. నూగు, పెంకు ముక్కలు, ఎండిన సొన అన్నీ ఫ్యాన్ రెక్కల్లోకి పోతాయి, రెండు రోజులాగితే గీకినా రావు. ప్లగ్ తీసేసి, విడదీయగలిగినవన్నీ సబ్బు నీళ్లతో కడిగి, పలచటి బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, ఎండలో పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టండి.