కారు రిమోట్ కీ పనిజేస్తలేదా? కొత్తది కొనకముందు ఇంట్లనే ఇప్పి చూడున్రి

రిమోట్ నొక్కితే డోర్ తీస్తలేదంటే చానామంది సీదా కొత్త కీకే పోతరు, వేలల్ల ఖర్చు. దానికంటే ముందుగాల ఇంట్ల ఉన్న రెండో కీ తోని నొక్కి చూడున్రి, అది గూడ పనిజేస్తలేదంటే లొల్లి ఎక్కువమటుకు కారు దిక్కే ఉంటది, రిమోట్ ఇప్పి లాభం లేదు. టీవీ రిమోట్‌కైతే ఫోన్ కెమెరాల చూస్తే లైట్ కనవడతది, దీనికి కనవడదు, ఇది రేడియో సిగ్నల్ తోని నడుస్తది, మనదగ్గర చానా కార్లకు 433 మెగాహెర్ట్జ్.

రెండో కీ మంచిగుంటే ఇగ సెల్లు చూడాలె. సీఆర్2032 ఎక్కువొస్తది, కొన్నిటికి సీఆర్2025, సీఆర్1620, సెల్లు మీదనే రాసుంటది, అదే నంబర్ తెచ్చుకోన్రి. 2025 గూడ 20 మిల్లీమీటర్ల వెడల్పే గానీ మందం 2.5, 2032 ది 3.2, అందుకే 2032 జాగల 2025 ఏస్తే వదులై ఓసారి పనిజేస్తది ఓసారి చెయ్యది. ఇప్పేటప్పుడు ప్లస్ ఎటున్నదో ఫోటో తీస్కోన్రి. పాత సెల్లు మాత్రం పిల్లలకు అందనియ్యకున్రి, మింగితే రెండు గంటల్లనే గొంతు లోపల కాలుతది.

కొత్త సెల్లు ఏసినా అంతేనంటే సెల్లు పట్టుకునే రేకు చూడున్రి, ముసురుల తడిసిన కీ అయితే పచ్చగ చిలుము పట్టి ఉంటది, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) లిక్విడ్ తోని పాత బ్రష్ పెట్టి రుద్దాలె, రేకు కుంగితే గోరుతోని కొంచెం పైకి లేపాలె. ఆ రేకు బోర్డుకు అతికిన కాడ సోల్డర్ చుట్టూ సన్నగ గీత లెక్క పగులు ఉన్నదా చూడున్రి, కీ కింద పడ్డదంటే చానాసార్లు గదే.

ఇగ అసలు ముచ్చట బటన్. రోజూ నొక్కే లాక్ బటనే ముందు పోతది. రబ్బరు తీసి, కింద ఉన్న చిన్న స్విచ్‌ని అగ్గిపుల్లతోని నొక్కున్రి, టిక్ అనాలె. మల్టీమీటర్ ఉంటే బీప్ మోడ్‌ల పెట్టి స్విచ్ కాళ్లకు ఆనియ్యాలె, నాలుగు కాళ్లదైతే మూలకు మూల, ఎందుకంటే ఒక్కోవైపు రెండు లోపలనే కలిసుంటయి. నొక్కినప్పుడే బీప్ రావాలె, నొక్కకున్నా వస్తుందంటే స్విచ్ ఇరుక్కున్నట్టు, కొత్త సెల్లు గూడ ఊకె ఖాళీ అయితది. కొత్త స్విచ్ దొరకకపోతే డిక్కీ బటన్‌ది చూడున్రి, దాన్నెవ్వరు నొక్కరు, రెండూ ఒకటే రకమైతే అటుదిటు మార్చెయ్యొచ్చు. సోల్డరింగ్ చెయ్యి అలవాటు లేకపోతే బోర్డు పాడుజేసుకోకున్రి, హన్మకొండ చౌరస్తాల మొబైల్ రిపేర్ చేసేటోళ్లకు ఇది చిన్న పని.

పైన డొప్ప పగిలి కొత్త కేసు తెచ్చుకుంటే పాతది పారెయ్యకముందు లోపల మూలకు అతికి నల్లగ గోరంత ముక్క ఉన్నదా చూడున్రి, అది ఇమ్మొబిలైజర్ చిప్, దానికి సెల్లు అక్కర్లేదు, అది పోయిందంటే డోర్ తీస్తది గానీ ఇంజిన్ స్టార్ట్ గాదు. కొన్నిట్ల అది బోర్డు మీదనే ఉంటది.

అన్నీ బిగించినంక గూడ డోర్ తియ్యకపోతే కొన్ని కార్లకు రిమోట్‌ని కారుతోని మళ్ల జత చెయ్యాల్సొస్తది, ఒక్కో బండికి ఒక్కో తీరు, బండి పుస్తకంల చూడున్రి. పుష్ బటన్ బండైతే సెల్లు ఖతమైనా చానావాటికి కీని స్టార్ట్ బటన్‌కు ఆనిచ్చి నొక్కితే స్టార్ట్ అయితది.