పాత యాక్సెస్ ఫైల్‌లోంచి టేబుళ్లు, ఫారాలు తెచ్చుకున్నాక వచ్చే తిప్పలు

బరంపురంలో ఓ పట్టుచీరల కొట్టుకు జీఎస్టీకి ముందు, వ్యాట్ పన్ను రోజుల్లో చేసిపెట్టిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాబేస్ ప్రోగ్రాం) ఫైల్ నా దగ్గర ఉంది. మొన్న పర్లాకిమిడిలో ఇంకో కొట్టువాళ్లు అలాంటిదే కావాలన్నారు. మళ్లీ మొదటినుంచి కట్టడం దండగ కదా అని పాత వాటినే ఇంపోర్ట్ చేశాను. అప్పుడు తగిలినవి ఇవి.

సమస్య: కొత్త ఫైల్ తెరిస్తే పాత కొట్టు ఖాతాదారులు, బాకీలతో సహా కనిపిస్తున్నారు.
ఇంపోర్ట్ చేసేటప్పుడు ఆప్షన్స్ బటన్ నొక్కి చూడకపోతే ‘డెఫినిషన్ అండ్ డేటా’ అన్నదే ఎంపికై ఉంటుంది. దాన్ని ‘డెఫినిషన్ ఓన్లీ’కి మార్చండి. ఒక కొట్టు బాకీల చిట్టా ఇంకో కొట్టు చేతిలో పడిందంటే మనకు ఆ బజారులో ఇక పని పుట్టదు. రాష్ట్రాల పేర్లు, పన్ను రేట్ల లాంటి చిన్న టేబుళ్లను మాత్రం విడిగా, డేటాతోనే తెచ్చుకోండి. లేకపోతే డ్రాప్‌డౌన్లు ఖాళీగా ఉంటాయి.

సమస్య: ఫారం తెరవగానే ‘ఎంటర్ పారామీటర్ వాల్యూ’ అని అడుగుతోంది, లేదా రికార్డ్ సోర్స్ లేదంటోంది.
ఫారం ఒక్కటే వచ్చింది, దానికి డేటా అందించే టేబులో, టేబుళ్లలోంచి డేటా ఏరి ఇచ్చే క్వెరీయో రాలేదు. లేదా కొత్త టేబుల్లో ఆ ఫీల్డ్ పేరు మార్చేశారు. పాత ఫైల్‌లో డేటాబేస్ టూల్స్ కింద ‘ఆబ్జెక్ట్ డిపెండెన్సీస్’ చూస్తే ఏది దేనిమీద ఆధారపడిందో తెలుస్తుంది. ఫారం లోపలుండే సబ్‌ఫారాలను మరవకండి.

టేబుల్ పేరు చివర 1 చేరిందా? ఆ పేరుతో ఇంకోటి అప్పటికే ఉందన్నమాట. అక్కర్లేనిది తీసేసి పేరు సరిచేస్తే చాలు.

సమస్య: కొత్త ఖాతాదారు పన్ను నంబరు ఎక్కడం లేదు.
నన్ను బాగా ఏడిపించింది ఇదే. పాతపట్నం వ్యాపారి కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా ఓనరు ఫోను: “బాబూ, ఇది ఆయన నంబరు తీసుకోనంటోంది!” డిజైన్ వ్యూలో చూస్తే ఫీల్డ్ సైజ్ 11. వ్యాట్ నాటి పన్ను నంబరు టిన్ 11 అంకెలు, జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. సైజ్ పెంచాను, అయినా తీసుకోలేదు. కింద వాలిడేషన్ రూల్లో ‘21తో మొదలవ్వాలి’ అని ఎప్పుడో నేనే రాసుకున్నాను. 21 ఒడిశా కోడ్, ఆంధ్రా వాళ్లది 37. ఊరు దాటితే ఆంధ్రానే అయిన పర్లాకిమిడిలో ఆ రూల్ ఎలా పనికొస్తుంది? తీసేశాను. అదే టేబుల్లో రాష్ట్రం ఫీల్డ్‌కు డిఫాల్ట్ వాల్యూ (దానంతటదే పడే విలువ) ‘ఒరిస్సా’ అని కూడా ఉంది, 2011లో పేరు మారినా! దాన్ని ఒడిశా అని మార్చినా కొత్త ఎంట్రీలకే పడుతుంది. ఈలోగా ఎక్కించిన వాటికి, అన్నిటినీ ఒకేసారి మార్చే అప్‌డేట్ క్వెరీ నడపాల్సిందే.

సమస్య: బటన్ నొక్కితే ‘యూజర్ డిఫైన్డ్ టైప్ నాట్ డిఫైన్డ్’ అంటోంది.
కోడ్ వచ్చింది కానీ, అది వాడుకునే బయటి లైబ్రరీల లింకులు, అంటే రిఫరెన్సులు, ఇంపోర్ట్‌లో రావు. కోడ్ రాసే వీబీఏ కిటికీలో టూల్స్, రిఫరెన్సెస్ తెరిచి, పాత ఫైల్‌లో టిక్ ఉన్నవే ఇక్కడా పెట్టి డీబగ్ మెనూలో కంపైల్ నొక్కండి. ఇది ఫైల్ ఇవ్వకముందే చేయండి. నేను ఇచ్చాక చేశాను, బస్సు ఛార్జీ నా జేబులోంచే పోయింది.