సంక్రాంతికి ఊరెళ్లే ముందు: అమ్మాయిని ప్రేమించే అమ్మాయిలకు కొన్ని జాగ్రత్తలు

ధనుర్మాసం వెళ్లగానే చుట్టాలంతా ఇంటికి చేరతారు, వెనకాలే మాఘమాసం ముహూర్తాలు వస్తాయి. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటున్న నెల్లూరు, కావలి, ఒంగోలు అమ్మాయిలకు పెళ్లి మాట గట్టిగా వినపడేది అప్పుడే. మొహర్రం రోజుల్లో నెల్లూరు రొట్టెల పండగకెళ్లి, స్వర్ణాల చెరువు దగ్గర నీకు పెళ్లి కావాలని మొక్కుకుని అమ్మ నీ పేరున పెళ్లి రొట్టె అందుకుని ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే బయల్దేరే ముందే ఒకటి తేల్చుకో: ఈసారి నీ విషయం ఇంట్లో చెబుతావా, లేదా? నా మాట వింటే పండగ రోజుల్లో చెప్పొద్దు. ఇంటినిండా జనం ఉంటే అమ్మానాన్నలకు ముందు పరువే గుర్తొస్తుంది. సందడి తగ్గాక, బాగా నమ్మకమున్న ఒక్కరికి చెప్పు. అదీ చేతిలో కాస్త డబ్బు, వెళ్లి ఉండడానికో చోటు ఉన్నప్పుడే. అప్పటిదాకా దాచుకున్నందుకు నిన్ను నువ్వు తిట్టుకోవద్దు.

“ఏందమ్మే, పప్పన్నం ఎప్పుడు పెడతావ్?” అంటారు. “ఇంకో రెండేళ్లు ఉద్యోగం చేస్తానత్తా” అను. ఎవరడిగినా అదే జవాబు. ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబితే సాయంత్రానికి అవన్నీ వంటింట్లో కలుస్తాయి. “చూసుకుంటే పోయేదేముంది” అని పెళ్లిచూపులు పెడితే, చీర కట్టుకోకముందే వద్దని చెప్పు. కాఫీ ట్రే చేతికిచ్చాక నోరు పెగలదు.

ముగ్గుల దగ్గర ఫొటోలు తీస్తానని చెల్లెలు నీ ఫోన్ తీసుకుంటుంది. సరిగ్గా అప్పుడే నువ్వు ప్రేమించిన అమ్మాయి మెసేజ్ వస్తే? నోటిఫికేషన్‌లో మెసేజ్ కనపడకుండా సెట్ చేసుకో, ఆ చాట్‌కి లాక్ పెట్టు. ఒరిజినల్ సర్టిఫికెట్లు హాస్టల్లోనే ఉంచు. తిరుగు టికెట్ ముందే తీసుకో. ఒక స్నేహితురాలిని రోజూ రాత్రి ఫోన్ చేయమను. “హాల్ టికెట్ పంపు” అని నువ్వంటే ఏదో తేడా జరిగిందని తనకు తెలియాలి.

గదిలో పెట్టి తాళం వేసినా, బలవంతంగా పెళ్లి చేయబోయినా అత్యవసర నంబరు 112కి గానీ మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయాలి. నీ చేతిలో ఫోన్ లేకపోతే ఆ స్నేహితురాలు చేయాలి. తను హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మని అడిగే పిటిషన్ కూడా వేయొచ్చు. అలాంటి పిటిషన్ మీదే, మేజరైన అమ్మాయి తను కోరుకున్న అమ్మాయితో ఉండొచ్చని 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. “డాక్టర్ దగ్గరికెళ్తే మారిపోతుంది” అంటే ఒప్పుకోవద్దు. అలా మారుస్తామనడం డాక్టర్లకు వృత్తిపరమైన తప్పేనని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది.

ఇక మనసు. పొద్దస్తమానం వేరే మనిషిలా మెలగడం, ఎవరు కనిపెట్టేశారోనని ముఖాలు చూసుకుంటూ తిరగడం ఒంటికి తెలుస్తుంది. నిద్ర పట్టదు, గుండె దడగా ఉంటుంది, అరిసె కూడా చేదనిపిస్తుంది. దాచుకుని దాచుకుని అలసిపోతే ఎవరికైనా ఇంతే. నీలో ఏదో జబ్బుందని అనుకోకు. స్వలింగ ప్రేమను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. రోజుకో అరగంట మేడ మీదకెళ్లి నీ మనిషితో నీలాగే మాట్లాడు. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చెయ్యి. ఉచితం, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

చాలామందికి అసలు కుంగుబాటు ఊరి నుంచి తిరిగొచ్చాకే మొదలవుతుంది. ఆ రాత్రి గదిలో ఒక్కదానివే ఉండకుండా ఎవరినైనా ముందే రమ్మని చెప్పి పెట్టుకో.