బిడ్డ టీకా రోజే తల్లికీ షుగరు పరీక్ష

నేను ఏఎన్ఎంని. గర్భిణులను తూచి, కార్డులో రాయడం నా పని. కాన్పు కాగానే ఆ కార్డు ఎక్కడో మూలన పడుతుంది. దయచేసి దాచుకోండి. మూడో నెలలోపు తూచిన బరువు, షుగరు పరీక్ష ఫలితం, నెలలు నిండేటప్పటి బీపీ మీకు పదేళ్ల తరవాత కూడా అవసరమవుతాయి.

మొదటి బరువును ఎత్తుతో కలిపి చూడాలి. భారతీయులకు హద్దులు తక్కువ. 150 సెంటీమీటర్ల ఎత్తున్న ఆవిడ 52 కిలోలు దాటితే అధిక బరువు, 56 దాటితే ఊబకాయం. వీరికి గర్భంలో షుగరు, బీపీ వచ్చే అవకాశం ఎక్కువ. అలాగని కడుపుతో ఉండగా తిండి తగ్గించి బరువు దించుకోవద్దు. ఇద్దరి తిండి తినమని ఇంకో గరిటె అన్నం వేయబోతే మాత్రం, దాని బదులు పప్పో గుడ్డో వేయమనండి.

గర్భంలో వచ్చిన షుగరు చాలామందికి కాన్పుతో పోతుంది. ఇంటిల్లిపాదీ అక్కడితో నిశ్చింతగా ఉండిపోతారు. నాకు బెంగ మొదలయ్యేది అప్పుడే. ఇలాంటి తల్లులకు ముందుముందు మధుమేహం వచ్చే ముప్పు మిగతావారికంటే ఏడు రెట్లకు పైనే.

బిడ్డకు ఆరో వారంలో టీకా వేయిస్తారు కదా, ఆ రోజే మీకూ పరీక్ష చేయమని ముందే అడిగి పెట్టుకోండి. పరగడుపున వెళ్లాలి. "బాలింతను పస్తు ఉంచుతారా!" అని పెద్దలు అడ్డుపడతారు. ముందురోజు రాత్రి కడుపునిండా తినండి, మంచినీళ్లు తాగండి, బిడ్డకు పాలివ్వడం ఆపనక్కర్లేదు. అక్కడ ముందు రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు ఇస్తారు. తాగిన అరగంటలోపు వాంతి అయితే పరీక్ష మరోరోజు చేయించుకోవాలి. రెండు గంటలకు మళ్లీ రక్తం తీస్తారు. అది అవగానే తినడానికి ఇడ్లీ డబ్బా వెంట ఉంచుకోండి.

రెండు గంటల ఫలితం 140 లోపుంటే మంచిది. 140 నుంచి 199 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ, 200 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహమే. వెంటనే డాక్టరును కలవాలి. ఫలితం బాగున్నా ఏటా ఒకసారి చూపించుకోండి.

గర్భంలో బీపీ పెరిగినవారికి తరవాత గుండెజబ్బు, పక్షవాతం ముప్పు ఉంటుంది. వారు ఏటా బీపీ చూపించుకోవాలి.

పాలిచ్చే తల్లి పస్తులుండి సన్నబడాలని చూడకూడదు. డాక్టరు సరే అన్నాక రోజూ అరగంట నడవండి. మళ్లీ నెల తప్పితే పాత కార్డు తీసుకుని వెంటనే రండి. షుగరు పరీక్ష మొదటి రోజే చేయాలి.